ఇరవై ఏడో నంబరు ఎదురు పిలుపు

నెల్లూరు,
సెప్టెంబరు 18, 2023

గౌరవనీయులైన పరంజ్యోతి మాస్టారు గారికి,

నమస్కారాలు. నా పేరు వినీల. ఉప్పుగుంటపాళెం చర్చి సమాధుల తోటకు వెబ్‌సైటు తయారుచేస్తున్నది నేనే. మీకు ఫోను చేస్తానంటే పాస్టరు సుశీల్ కుమార్ గారు నవ్వారు. మాస్టారికి పదకొండేళ్లుగా చెవులు వినబడవు, ఉత్తరం రాయమ్మా, తిరుగు టపాలో జవాబు వస్తుంది అన్నారు. నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

మీరు పంపిన సమాధుల రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కించాను. ప్రతి సమాధికీ ఇద్దరు మనుషులతో సంబంధం ఉంది. ఒకరు అందులో నిద్రించినవారు. ఇంకొకరు ఏటా సమాధుల పండక్కి దానికి సున్నం కొట్టేవారు. సమాధి వైపు నుంచి చూస్తే ఇబ్బంది లేదు. మనిషి వైపు నుంచి వెనక్కి చూస్తేనే చిక్కు. ఫలానా మనిషి సమాధి ఏది అని అడిగితే, తాను నిద్రించినదా, తాను సున్నం కొట్టేదా అన్నది ప్రోగ్రాముకు తెలియడం లేదు. రెండు సంబంధాలకూ ఎదురు పిలుపు ఒకటే, అవి ఢీకొంటున్నాయి అని ఎర్రర్ చూపించి ఆగిపోతోంది.

కాబట్టి ఒక్కో సంబంధానికి ఒక్కో ఎదురు పిలుపు కావాలి. ఊళ్లో వాడుకలో ఉన్న మాటలైతే బాగుంటుందని పాస్టరు గారి కోరిక. దయచేసి రాసి పంపగలరు.

ఇట్లు,
వినీల

తా.క. మీ జవాబు వచ్చేదాకా పని ఆగకుండా రెండు సంబంధాలనూ తాత్కాలికంగా ఒకటిగా కలిపేశాను. ఏమీ కాదు లెండి.


ఉప్పుగుంటపాళెం,
సెప్టెంబరు 22

చిరంజీవి వినీలకు,

ప్రభువు పేరట వందనాలు. నీ ఉత్తరంలో తప్పులు రెండే దొరికాయి. ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. పదికి ఎనిమిది వేశాను. దస్తూరీకి విడిగా మార్కులు లేవు, ఉంటే తగ్గేవి.

ఇక నీ ప్రశ్న. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేశాను, ఇలాంటి ప్రశ్న ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. నిద్రించినవారు మనల్ని తిరిగి ఏమని పిలుస్తారు అంటావు. వాళ్లు పిలవరమ్మా. పిలవకూడదనే కదా మీద అంత బరువు పెడతాం. అయినా అడిగినదానికి జవాబు ఇవ్వకపోవడం నాకు అలవాటు లేదు కనుక మెడలో పలక తగిలించుకుని ఊళ్లోకి వెళ్లాను. నాతో మాట్లాడదలచినవారు ఆ పలక మీద రాస్తారు.

పద్నాలుగో నంబరుకు సున్నం కొట్టేది ప్రమీలమ్మ. అందులో ఆమె భర్త ఉన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదట. "ఏమే అనేవోడు. అదే రాసుకో మాస్టారా" అని రాసింది. గుంతలు తవ్వే ఆదెయ్య తన తల్లి 'ఒరే నల్లోడా' అనేదని రాయబోయి, అందరూ చదువుతారని గుర్తొచ్చి 'నాయనా' అని మార్చుకున్నాడు. ఇలా నలభై ఒక్క సమాధులకు ఎదురు పిలుపులు సేకరించి జాబితా జతచేశాను.

ఇరవై ఏడుకు మాత్రం ఖాళీ ఉంచాను. అది మా అన్నది. మూడేళ్ల వయసులో జ్వరంతో పోయాడు. ఆ మరుసటి ఏడు నేను పుట్టానని మా అమ్మ చెప్పేది. వాడు నన్ను చూడనే లేదు. చూడనివాడు ఏమని పిలుస్తాడు?

నీ పని త్వరగా ముగించు. మొన్నటి తుఫానుకు తోటలో తూర్పు వరుస సముద్రంలో కలిసింది. చోటు చాలడం లేదు. నవంబరు రెండున పండగ నాటికి సున్నం కొట్టేవారి పేరు లేని సమాధి ఏదైనా ఉంటే, దాన్ని తవ్వి కొత్తవారికి ఇవ్వాలని సంఘం తీర్మానించింది. వాడికి నేను తప్ప ఎవరూ లేరు.

శుభాకాంక్షలతో,
పరంజ్యోతి
(విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

తా.క. ఇరవై ఏడు దగ్గర నిలబడితే ఒక తీతువు పిట్ట అరుస్తుంది. చర్చి గంట వినబడని చెవులకు అదొక్కటి ఎలా వినబడుతుందో. గొంతు గట్టిది కాబోలు. ఏటా పండగనాడే వచ్చేది. ఈ ఏడు నెల ముందే దిగింది, పాడు పిట్ట.


నెల్లూరు,
సెప్టెంబరు 27

మాస్టారు గారికి,

నమస్కారాలు. ఎనిమిది మార్కులు మా ఆఫీసులో అందరికీ చూపించాను.

నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఎదురు పిలుపు అంటే చనిపోయినవారు పిలిచేది కాదండీ. మీ బడిలో ఒక పిల్లవాడి పేరు హాజరుపట్టీలోనూ ఉంటుంది, ఆటల జట్టులోనూ ఉంటుంది అనుకోండి. 'నీ పట్టీ తే' అంటే వాడు ఏది తేవాలి? హాజరుపట్టీ, ఆటల పట్టీ అని రెండు పేర్లుంటే తికమక ఉండదు. నాకు కావలసింది అలాంటి రెండు పేర్లు మాత్రమే. కానీ మీ జాబితా చదివి పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. అదీ సైటులో ఉండాల్సిందేనట. అందుకని ప్రతి సమాధికీ 'ఎదురు పిలుపు' అని ఒక గడి చేర్చాను.

ఒక పొరపాటు జరిగింది. నేను రెండు సంబంధాలనూ కలిపేసి ఉంచానని రాశాను కదా. అది పరీక్ష కోసం పెట్టింది, ఎవరో తెరిచి చూశారట. అందులో సున్నం కొట్టేవాళ్లందరూ నిద్రించినవారి వరుసలో కనిపిస్తున్నారు. ఊళ్లోవారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

ఇరవై ఏడును ప్రోగ్రాము అసలు తీసుకోవడం లేదు. పేరు, ఇంటిపేరు, తల్లి, తండ్రి అన్నీ ఒకటైతే అది ఒకే మనిషి అని దాని నియమం. తన సమాధికి తానే సున్నం కొట్టుకునే మనిషి ఉండడని ఇంకో నియమం. కాబట్టి ఎక్కించిన ప్రతిసారీ తోసేస్తోంది. రిజిస్టరులో ఎక్కడో పొరపాటు ఉన్నట్టుంది, దయచేసి సరిచూడండి.

ఇట్లు,
వినీల

తా.క. తీతువు సంగతి మా అవ్వకు చెప్పకుండా ఉండాల్సింది. మాది మనుబోలు, వరిపొలాల మధ్య ఇల్లు. ఆ పిట్ట పేరెత్తితే ఆమె అపశకునమంటూ చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లోకి వస్తుంది.


ఉప్పుగుంటపాళెం,
అక్టోబరు 3

చిరంజీవి వినీలకు,

వందనాలు. పదికి తొమ్మిది. 'హాజరుపట్టీ' ఉదాహరణ బాగుంది, కనుక ఇప్పుడు బోధపడింది. 'నిద్రించిన చోటు', 'సున్నం కొట్టే చోటు' అని పెట్టు. ఇంత చిన్న సంగతిని ముందే ఇలా అడిగి ఉంటే నాకు ఊరంతా తిరిగే పని తప్పేది.

నీ క్షమాపణ పలక మీద రాసి ఊరంతా చూపించాను. ఆలస్యమైంది. పద్నాలుగులో తాను నిద్రించినట్టు ప్రమీలమ్మ తన మనవరాలి ఫోనులో చూసిందట. ఏడుస్తుందేమో అనుకున్నాను. నేరుగా తోటకు వెళ్లి ఆ చోటు చూసి వచ్చి "ఎండ సూటిగా కొడతా ఉండాది మాస్టారా, ఒక వేపచెట్టన్నా నాటించండి" అని రాసింది. ఆదెయ్య అయితే టేపు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడు, ముందుగా కొలతలు తీసుకుంటే తర్వాత హడావిడి ఉండదని. అతడిది మంచి మనసే.

ఇక ఇరవై ఏడు. పొరపాటు ఏమీ లేదు. అందులో ఉన్నది పరంజ్యోతి. సున్నం కొట్టేది పరంజ్యోతి. పోయిన బిడ్డ పేరు పుట్టిన బిడ్డకు పెట్టుకోవడం మా తీరంలో కొత్తేమీ కాదు. అమ్మ పోయాక నలభై ఏళ్లుగా నా పేరున్న రాయికి నేనే సున్నం కొడుతున్నాను. మొదట్లో బ్రష్షు ఆ అక్షరాల మీదికి వెళ్లినప్పుడల్లా వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టుండేది. తర్వాత అలవాటైంది. నీ ప్రోగ్రాముకూ అలవాటు చెయ్యి.

నిన్న ఇరవై ఏడు తలవైపు ఆదెయ్య ఒక మేకు దిగ్గొట్టాడు. నీ జాబితాలో ఆ నంబరు లేదట, సంఘం వారు అక్కడ తవ్వమన్నారట. పీకమన్నాను. జాబితాలో పేరు వస్తే పీకుతానన్నాడు. నాకు భయంగా ఉందమ్మా. వాడు బతికింది మూడేళ్లు, వాడికని మిగిలింది ఆ నాలుగడుగుల నేల.

ఇట్లు,
పరంజ్యోతి

తా.క. పిట్ట ఇప్పుడు రోజూ అరుస్తోంది. ప్రమీలమ్మను పక్కన నిలబెట్టి చూశాను. ఆమెకు వినబడలేదట. పైగా "నీకు వినబడ్డమేంది మాస్టారా" అని రాసి పలక నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.


నెల్లూరు,
అక్టోబరు 9

మాస్టారు గారికి,

నమస్కారాలు. మీరిచ్చిన రెండు పేర్లు పెట్టగానే ఎర్రర్ పోయింది. నలభై ఒక్క సమాధులు చక్కగా కూర్చున్నాయి. ప్రమీలమ్మ గారిని బతికించాను.

మిగిలింది ఇరవై ఏడు ఒక్కటే. ఒకే పేరున్న అన్నదమ్ములు ఇద్దరు వేరు అని ప్రోగ్రాముకు తెలియాలంటే ఇద్దరి పుట్టిన తేదీలు కావాలి. అన్నగారిది, మీది, రెండూ బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్నట్టే రాసి పంపండి. మీ సర్వీసు పుస్తకంలో 1949 జూలై 1 అని ఉందని పాస్టరు గారు అన్నారు గానీ, అది నిజమైన తేదీయేనా?

నిన్న ఆదివారం మీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. ఆమె పేరు వెంకటశేషమ్మ, ఎనభై నాలుగేళ్లు, తీతువులను నాకంటే ఎక్కువ చూసింది. ఎప్పటిలాగే చెంబు కోసం లేవబోయి, 'ఒకేచోట' అన్న మాట రాగానే ఆగి, మళ్లీ చదవమంది. ఇరవై ఏడు దగ్గర నిలబడితే ఒకేచోట నుంచి అరుస్తుందా అని రెండుసార్లు అడిగింది. తర్వాత చెంబు కింద పెట్టేసి ఒక మాట అంది.

"తీతువు ఎగురుతా అరస్తాదే. నిలబడి పిలిచేది తీతువు కాదు."

మూడుసార్లు పిలిచేదాకా పలకొద్దని మీకు రాయమంది. మూడోసారి పిలవనిది మంచిది కాదట. పెద్దావిడ మాట, పట్టించుకోకండి.

ఇట్లు,
వినీల

తా.క. 'ఒకేచోట' అని మీరు రాయనే లేదని ఇప్పుడు చూసుకున్నాను. నేనే చదివేటప్పుడు కలిపి చదివాను. ఎందుకు చదివానో నాకూ తెలియదు.


ఉప్పుగుంటపాళెం,
అక్టోబరు 14

వినీలకు,

వందనాలు. దిద్దడానికి ఓపిక లేదు. పది వేసుకో.

మాది విశ్వాస కుటుంబం. దయ్యాలను, శకునాలను నమ్మం. అయినా నిన్న ఉదయం పదిగంటల ఎండలో తోటకు వెళ్లి నిలబడి లెక్కపెట్టాను. మూడు కాదు, పదకొండుసార్లు అరిచింది. అన్నీ ఒకేచోట నుంచి. ఆకాశం వైపు చూశాను, ఏమీ లేదు. చెట్టూ లేదు. ఆ అరుపు పైనుంచి రావడం లేదు వినీలా. నా నడుముకు కాస్త కింద నుంచి వస్తోంది. అంత ఎత్తులో ఎగిరే పిట్టను నేను చూడలేదు.

ఫో అని కేకేశాను. ఎప్పుడూ కేకేస్తే ఆగేది. నిన్న ఆగలేదు.

పుట్టిన తేదీ సంగతి అడిగావు. మా తరంలో బడికి వెళ్లినవాళ్లందరూ జూలై ఒకటినే పుట్టారు. హెడ్‌మాస్టరుకు ఆ రోజు తప్ప వేరే తేదీ తోచేది కాదు. నేనూ నాలుగు వందల మందిని జూలై ఒకటిన పుట్టించాను. నిజమైనది బాప్తిస్మపు రిజిస్టరులో ఉండాలి. ఆ పాత పుస్తకాలు చెదలు పడుతున్నాయని చాలా ఏళ్ల కిందటే నెల్లూరు తీసుకెళ్లారు. పాత మిషన్ బంగళాలో ఉంటాయి. నేను ఎన్నడూ చూడలేదు. చూడమని నీకు అనుమతిపత్రం రాసి ఇందులో పెట్టాను.

మేకు అలాగే ఉంది. త్వరగా వెళ్లు తల్లీ.

పరంజ్యోతి

తా.క. నడుము కింద అన్నాను. మూడేళ్ల పిల్లలు అంత ఎత్తే ఉంటారు. ఒకటో తరగతిలో చేర్చమని తెచ్చేవారు, వయసు చాలదని పంపించేసేవాణ్ణి.


నెల్లూరు,
అక్టోబరు 21

మాస్టారూ,

నమస్కారాలు. నిన్న మిషన్ బంగళాకు వెళ్లాను. రికార్డులు చూసే నవోమి గారు రెండు గంటలు నాతోపాటు కూర్చుని ఒక్కో పేజీ తిప్పారు. దొరికినది దొరికినట్టు రాస్తున్నాను.

మీ అన్నగారి సమాధి నమోదు ఉంది. పరంజ్యోతి, మొదటి కొడుకు, మూడేళ్ల ఆరు నెలలు, జ్వరం, 1948 జూన్ 11. ఆ తర్వాత మీ అమ్మానాన్నల పేర్లతో ఏ బిడ్డకూ బాప్తిస్మం లేదు. 1960 దాకా చూశాం. ఒక్కటి కూడా లేదు.

దానికి ముందు ఉంది. 1948 ఫిబ్రవరి 8. రెండో కొడుకు, ఆరు వారాలు.

ఆ రెండో కొడుకు చనిపోయినట్టు ఏ పుస్తకంలోనూ లేదు. అంటే మీరు ఆయన పోయాక పుట్టలేదు మాస్టారూ. అప్పటికే ఉన్నారు. ఆయన మిమ్మల్ని చూశారు. మీకు అప్పటికే ఒక పేరు ఉంది, అది పరంజ్యోతి కాదు. ఆయన పోయాక పరంజ్యోతి అని పిలవకుండా మీ అమ్మగారు ఉండలేకపోయారేమో.

మీ అసలు పేరు ఈ ఉత్తరంలో రాయడానికి మూడుసార్లు ప్రయత్నించాను, చెయ్యి రాలేదు. నవోమి గారు దాన్ని పైకి చదివారు. చదివాక లేచి వెళ్లి కిటికీ మూసి వచ్చారు. పేజీ నకలు జతచేశాను. మీరే చదవాలి. పేరు గడి పక్కన 'నామము పలికినవారు' అన్న గడి ఉంది, అదీ చదవండి.

ఇట్లు,
వినీల

తా.క. అవ్వకు చెప్పాను. ఆమె చేతిలోని చెంబు నీళ్లు మొక్కకు పోసేసింది. తర్వాత "పలకమని రాయి" అంది.


ఉప్పుగుంటపాళెం,
అక్టోబరు 26

నా బంగారు తల్లి వినీలకు,

వందనాలు. నకలు అందింది. కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. తర్వాత భూతద్దం పెట్టి చదివాను. ఎన్నిసార్లు చదివినా అవే రెండక్షరాలు.

పేరు: తీతు.

నామము పలికినవారు: శిశువు అన్న పరంజ్యోతి, వయస్సు మూడు. పక్కన అప్పటి చర్చి ఉపదేశి గారు సన్నటి అక్షరాలతో రాశారు: 'పిల్లవాడు గట్టిగా పిలిచెను. శిశువు తిరిగి చూచెను. అందరు నవ్విరి.'

నలభై ఏళ్లు పాడు పిట్ట అని తిట్టాను. ఫో అని తోలాను. ఒక ఏడు సున్నపు గడ్డ విసిరాను కూడా. ఇది రాస్తుంటే ఏడుపు వస్తోంది, చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నిన్న ఉదయం బకెట్టు పట్టుకుని తోటకు వెళ్లాను. పండగకు ఇంకా వారం ఉన్నా ఆగలేకపోయాను. వంగి రాయి మీద మొదటి పూత వేస్తుండగా వెనకనుంచి వినబడింది. తీతూ. అదే చోటు, నడుముకు కాస్త కింద. ఈసారి తోలలేదు. ఉపదేశి గారు రాసినట్టే తిరిగి చూశాను. చూస్తే ఎండ, ఇసుక, ఆదెయ్య మేకు. అంతే ఉన్నాయి.

"ఏం అన్నా, ఈడనే ఉండా" అన్నాను.

మళ్లీ పిలవలేదు. మధ్యాహ్నందాకా కూర్చున్నాను, ఈరోజు కూడా వెళ్లి కూర్చున్నాను. లేదు. ఇప్పుడు నాకు చర్చి గంటతోపాటు అదీ వినబడదు. నాలుగు వందల మంది పిల్లల్ని పెంచినవాణ్ణి కనుక ఇది నాకు తెలుసు. పసిపిల్లలు పలికేదాకానే పిలుస్తారు.

ఇరవై ఏడులో సున్నం కొట్టేవారి దగ్గర పరంజ్యోతి కొట్టేసి తీతు అని రాయి. నీ ప్రోగ్రాము మొదటినుంచీ చెబుతూనే ఉంది, ఒకే పేరుతో ఇద్దరు ఉండలేరని. ఎదురు పిలుపు గడి ఇక ఖాళీగా ఉంచవద్దు. ఏం రాయాలో నీకు తెలుసు.

ఇట్లు,
తీతు

తా.క. 1. బైబిలులో ఇదే పేరున్న ఒకాయనకు ఒక అపొస్తలుడు ఉత్తరం రాశాడు, ఒక్కటే. నువ్వు నాకు నాలుగు రాశావు. నీదే పైచెయ్యి.

2. లెక్కప్రకారం నేను సర్కారు వారి దగ్గర ఏడాదిన్నర ఎక్కువ ఉద్యోగం చేశాను. ఎవరికీ చెప్పవద్దు.

3. ఆదెయ్యకు నకలు చూపించాను. మేకు పీకేశాడు. పక్కన మిగిలిన కాస్త చోటు నాకు అట్టిపెట్టి, నా తర్వాత రెండింటికీ తానే సున్నం కొడతానని పలక మీద రాశాడు. 'సున్నం'లో నావత్తు మరిచిపోయాడు. దిద్దాను.

4. ప్రమీలమ్మ ఇందాక వచ్చింది. పద్నాలుగు దగ్గర ఏదో పిట్ట 'ఏమే, ఏమే' అంటోందట, నీకు గాని వినబడిందా అని అడిగింది. లేదన్నాను. పలకమన్నాను. "నలభై ఏళ్లు పలికినా, ఇంక ఆయన్నే పలకమను" అని రాసి వెళ్లిపోయింది. కానీ ఇంటివైపు కాదు, తోటవైపు.

5. రిజిస్టరులో ఉన్నట్టు 'తు' పొట్టిగానే టైపు చెయ్యి. దీర్ఘం పిలిచేటప్పుడే.